సమాధానం: రెండో పరికరం కలపగానే జీపీఐబీ టైమౌట్

తమ్ముడూ, హన్మకొండలో మీ కాలేజీ ల్యాబ్‌లో జీపీఐబీ (కంప్యూటర్‌తో ల్యాబ్ పరికరాలను కలిపే ఉమ్మడి కేబుల్ పద్ధతి) మీద 34401ఏ మల్టీమీటర్ ఒక్కటే ఉంటే *ఐడీఎన్?కి, అంటే ‘నువ్వెవరు?’ అని పరికరాన్ని అడిగే కమాండ్‌కి జవాబు వస్తోంది, పాత ఫంక్షన్ జనరేటర్ కలపగానే టైమౌట్ అవుతోంది, గడువులోగా జవాబు రావట్లేదు అన్నావు. నా అనుమానం అడ్రస్ మీదే, అంటే ఒక్కో పరికరానికి ఉండే నంబర్ మీదే. ఆ మల్టీమీటర్ కంపెనీ నుంచి 22తో వస్తుంది. జనరేటర్ కూడా 22లోనే ఉంటే కంట్రోలర్ (మీ కంప్యూటర్) పిలిచినప్పుడు రెండూ ఒకేసారి మాట్లాడతాయి, అక్షరాలు కలగాపులగమవుతాయి.

జనరేటర్ వెనక చిన్న స్విచ్‌లుంటే వాటితో 10 పెట్టు. తర్వాత తప్పకుండా ఆఫ్ చేసి ఆన్ చెయ్యి. చాలా పాత పరికరాలు ఆ స్విచ్‌లను పవర్ వచ్చినప్పుడే చదువుతాయి. చాలామంది ఇక్కడే ఆగిపోయి కంప్యూటర్‌లోని జీపీఐబీ కార్డు పాడైందనుకుంటారు, కొత్తది కొనకు.

ఇంకో సంగతి. *ఐడీఎన్? 1987లో వచ్చిన ఐఈఈఈ 488.2 ప్రమాణంలోది. జనరేటర్ అంతకంటే పాతదైతే ఆ ప్రశ్నే దానికి అర్థం కాదు, మాన్యువల్‌లోని దాని సొంత కమాండ్లే పంపాలి. బస్ మీద, అంటే ఆ ఉమ్మడి కేబుల్ మీద ఉన్నవన్నీ ఆన్‌లోనే ఉంచు. కేబుల్ పరికరానికి 2 మీటర్ల లెక్కన, మొత్తం 20 మీటర్లు దాటకూడదు. మీ టేబుల్ మీద ఆ టెన్షన్ లేదు.

అప్పటికీ పలకకపోతే జనరేటర్ మోడల్ నంబర్, వెనక స్విచ్‌ల ఫొటో పెట్టు, చూస్తాను.