వెలోడ్రోమ్‌కి వెళ్ళే ముందు

అమలాపురం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఢిల్లీ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసం కట్టిన వాలు ట్రాక్ ఉన్న స్టేడియంలో, ట్రాక్ సైక్లింగ్ పోటీల ఫోటోలు తీసే అవకాశం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసిందిరా. వెళ్ళేలోగా ఈ నాలుగు మాటలు చదువుకో.

ముందు ఫ్లాష్ తీసి ఇంట్లో పెట్టెయ్. ఆ సైకిళ్ళకి బ్రేకులుండవు. మలుపు దగ్గర ట్రాక్ నలభై డిగ్రీలు దాటి వాలి ఉంటుంది. గంటకి 60, 70 కిలోమీటర్ల వేగంతో వచ్చే పిల్లాడి కళ్ళల్లో వెలుగు కొడితే వెనక వాళ్ళంతా పడిపోతారు.

ఐఎస్ఓ, అదే వెలుగుకి కెమెరా సున్నితత్వం, 3200, 6400 అయినా సరే, షట్టర్ సెకనులో 1/1000 వంతు దగ్గరుంచు. లైట్లతో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. ఓసారి ఇండోర్ బ్యాడ్మింటన్ తీస్తే, వరస ఫోటోల్లో ఒకటి పసుపు, ఒకటి చీకటి వచ్చాయి నాకు. రాత్రంతా బాధపడ్డాను. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేసుకో.

సైకిల్ వెంట పరిగెత్తకు. ట్రాక్ 250 మీటర్లే, పదిహేను, పదహారు సెకన్లలో మళ్ళీ నీ ముందుకే వస్తాడు. నాలుగు కిలోమీటర్ల పర్స్యూట్ పందెంలో పదహారు రౌండ్లు, అంటే పదహారు అవకాశాలు. చోటు, బ్యాక్‌గ్రౌండ్ ముందే చూసుకుని కాచుకో. లోపలి మైదానంలోకి రానిస్తే మలుపు దగ్గర కిందకి కూర్చో, ట్రాక్ గోడలా లేస్తుంది. గ్యాలరీ పైనుంచి అదే చదునుగా కనిపిస్తుంది. కెమెరాని మాత్రం వంచకు, వంచితే ఆ వాలు కాస్తా పోతుంది.

స్ప్రింట్ అని ఇద్దరు పోటీపడే పందెంలో మొదట ఇద్దరూ నెమ్మదిగా, ఒక్కోసారి కదలకుండా నిలబడి, ఒకరినొకరు ఓరగా చూసుకుంటారు. నాకైతే ఆ చూపులే ప్రాణం. గెలుపు గీత దాటాక కూడా కెమెరా దించకు. పెడల్ ఆపి ఊరికే దొర్లే వీలు లేదు కాబట్టి ఇంకో రెండు మూడు రౌండ్లు తిరుగుతూనే ఉంటారు. ఏడుపూ నవ్వూ అప్పుడే బయటపడతాయి.

ప్యానింగ్‌కి, అంటే సైకిల్‌తో పాటే కెమెరా తిప్పుతూ తీయడానికి, షట్టర్ 1/60, మోచేతులు ఒంటికి ఆనించి నడుము తిప్పాలి. ఇది చదివితే వచ్చేది కాదు. శనివారం పొద్దున్న ఏడున్నరకి కాలువ గట్టు మీదికి రా, సైకిళ్ళ మీద ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలుంటారు, వాళ్ళని అడిగి తీద్దాం. నా 70-200 లెన్స్ తుడిచి పెట్టాను, అది పట్టుకెళ్ళు.

మీ పెదనాన్న