చిలీలో పుట్టిన ఓ.ఎస్.కు మెడల్ ఆఫ్ ఆనర్

అమెరికా అంతర్యుద్ధంలో పరాయి దేశంలో పుట్టిన మామూలు నావికులకు కూడా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారా, ఇస్తే ఏ పనికి ఇచ్చారు అని మీరు అడిగారు. ఇచ్చారు. వారిలో నాకు గుర్తుండిపోయినవాడు చిలీలో పుట్టిన ఫిలిప్ బజార్. శాంటియాగో డి క్యూబా అనే ఉత్తరాది యుద్ధనౌకలో ఆయన హోదా ఆర్డినరీ సీమన్, అంటే మామూలు నావికుడు; పొట్టిగా ఓ.ఎస్.

విశాఖపట్నం నుంచి సరుకు ఓడలెక్కిన నా ఉద్యోగం కూడా ఆ హోదాతోనే మొదలైంది. పేరుకు బదులు "ఓ.ఎస్." అని పిలిచేవారు; తుప్పు గీకడం, రంగు వేయడం, మోకులు లాగడం మా పని. పతక పత్రంలో "ఓ.ఎస్. బజార్" అని చదివినప్పుడు ఆ రెండక్షరాల దగ్గరే కాసేపు ఆగిపోయాను. నిజానికి 1861 డిసెంబరులో లింకన్ సంతకంతో వచ్చిన ఈ నౌకాదళ పతకం కింది సిబ్బంది కోసమే ఏర్పడింది. నౌకాదళ అధికారులకు ఆ అర్హత 1915లో గాని రాలేదు.

ఉత్తర కరోలినాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, బజార్‌కు పతకం తెచ్చిన పోరు జరిగిన ఫోర్ట్ ఫిషర్ కోట చూశాను. కోట అనగానే గోల్కొండ వంటి రాతిగోడలు ఊహించుకున్న నాకు కనిపించినవి గడ్డి మొలిచిన ఇసుక, మట్టి దిబ్బలు; చాలా భాగాన్ని సముద్రం కోసుకుపోయింది. దక్షిణాది పక్షానికి సముద్రం మీదుగా సరుకు అందిస్తూ మిగిలిన చివరి పెద్ద రేవు విల్మింగ్టన్‌కు ఈ కోటే కాపలా. 1865 జనవరి 15న ఉత్తరాది నౌకాదళం నుంచి సుమారు 2,000 మంది నావికులు, మెరైన్లు (ఓడల మీద ఉండే సైనికులు) కోటకు సముద్రం వైపు మూల మీద దాడి చేశారు. శత్రువు ఓడను ఎక్కినట్టు కోట ఎక్కమని ఆజ్ఞ. నావికుల చేతుల్లో పొట్టి కత్తులు, రివాల్వర్లు. చాటు లేని ఆ ఇసుకతీరాన నిలబడి చూస్తే, ఆ పథకం వేసినవారి మీద నాకు కోపమే వచ్చింది. దాడికి దిగిన నావికులు చెదిరిపోయారు గాని, కోటలోని వారు అటు తలమునకలై ఉండగా నది వైపు నుంచి ఉత్తరాది సైన్యం లోపలికి చొరబడింది. ఆ రాత్రికి కోట లొంగిపోయింది.

బజార్ పని వేరు. ఒడ్డున ఉన్న ఒక జనరల్‌కు కేటాయించిన పడవ సిబ్బందిలో ఒకడిగా, పోరు ముమ్మరంగా సాగుతున్న వేళ సందేశాలు చేరవేసే తన బృందంతో కలిసి కోటలోకి వెళ్లాడు. నౌకాదళం నుంచి అలా ప్రవేశించిన ఆరుగురిలో ఆయన ఒకడని పత్రం చెబుతుంది.

కబుర్లు మోసినందుకే పతకమా అని మా అల్లుడు ఆశ్చర్యపోయాడు. వాకీటాకీ పని చేయని రోజుల్లో ఓడ నడిపే గది అయిన బ్రిడ్జి నుంచి ముందు డెక్కు దాకా పరుగెత్తి కబురు చెప్పింది మా ఓ.ఎస్.లమే. నేనూ ఎన్నోసార్లు పరుగెత్తాను. నా మీద ఎవరూ తుపాకీ పేల్చలేదు.