ముందు రాయి, తర్వాతే కొలత

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో నీ గొంతులో టెన్షన్ విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. నువ్వు సర్వేయరుగా కొలిచిన ఆ అన్నదమ్ముల పొలం ఆర్.ఎస్.ఆర్.లో, అంటే ఊరి భూముల విస్తీర్ణాలు రాసిన పాత సర్కారు రిజిస్టరులో, ఎకరా నాలుగు సెంట్లు, నేల మీద కొలిస్తే ఎకరా తొమ్మిది. అన్నదమ్ములిద్దరూ ఉన్నదంతా చెరి సగం చేసి సబ్ డివిజన్ వేయమని, అంటే ఎవరి భాగానికి వాళ్ల నంబరు ఇవ్వమని, కూర్చున్నారు. మిషన్ తప్పు చూపిస్తోందేమో అన్నావు. మిషన్ తప్పు కాదనే నా నమ్మకం. మాటల్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను. నువ్వు ఫోటో పంపిన ఎఫ్.ఎం.బి., అంటే పొలం హద్దుల బొమ్మ, కొలతలు ఉన్న సర్వే కాగితం, నా ముందే ఉంది.

ఆ కాగితాన్ని నమ్మాలంటే అది ఎందుకు పుట్టిందో తెలియాలి. మన కడప జిల్లా 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన సీమల్లోది. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి ఊరూరా పొలాలు కొలిపించాడు. పాత దస్తావేజుల్లో పైమాషీ నంబరు అని కనిపిస్తే అది ఈ సర్వే నంబర్ల కన్నా ముందుదని గుర్తుపెట్టుకో. 1858లో మద్రాసులో సర్వే శాఖ పెట్టిన తర్వాత జిల్లాలన్నీ మళ్లీ గొలుసుతో కొలిచారు. ఇప్పుడు మనం వాడే సర్వే నంబర్ల వరుస అప్పటి నుంచి వచ్చిందే.

వాళ్లు కొలిచింది శిస్తు కోసం, రైతు హక్కు కాపాడాలని కాదు. ఇది నువ్వు ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. శిస్తు వచ్చే మడిని సెంటు కూడా వదలకుండా కొలిచారు. శిస్తు రాని ఊరి ఇళ్ల స్థలాన్ని ఇల్లిల్లూ కొలవకుండా గ్రామకంఠం అని ఒకే నంబరు కింద వదిలేశారు. ఇళ్ల మధ్య గోడ తగాదాకు ఎఫ్.ఎం.బి. పట్టుకుని వెళితే నీకు దాంట్లో ఏమీ దొరకదు. పట్టాదారు కాలమ్‌లో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలిన నంబర్లు కూడా ఉన్నాయి. ఆ చుక్కల భూముల చిక్కు తీర్చడానికి 2017లో ఒక చట్టమే తేవాల్సి వచ్చింది. వందేళ్ల కిందట ఎవరో గుమాస్తా పెట్టిన చుక్కలకు, ఇప్పుడు కూతురి పెళ్లికి పొలం అమ్ముకోలేక ఏడ్చిన రైతులను నేను చూశాను. నీ కలం కూడా అలాంటిదే తల్లీ, జాగ్రత్త.

సరే, నువ్వు కొలిచిన పొలానికి వస్తాను. ఎఫ్.ఎం.బి.లో బొమ్మను చూసి కొలవకు, అంకెలను చూసి కొలువు. నకలు మీద నకలు తీసిన కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. అంకె మారదు. నీ కాగితంలో జి-లైన్, అంటే పొలంలో ఒక మూల రాయి నుంచి ఎదుటి మూల రాయికి గీసిన ఆధార గీత, 640 అని ఉంది. అవి లింకులు, అడుగులూ కావు మీటర్లూ కావు. గంటర్ గొలుసు 66 అడుగులు, దాంట్లో 100 లింకులు. లింకు అంటే 7.92 అంగుళాలు, ఇరవై సెంటీమీటర్ల పైన కాస్త. కొన్ని ఊళ్ల ఎఫ్.ఎం.బి.లు తర్వాత మీటర్లలోకి మార్చి ఉంటారు, అందుకే కాగితం తెరవగానే ముందు ఏ కొలతో చూడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా, అంటే లక్ష చదరపు లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ రెండు లెక్కలు నోటికి వస్తే సగం పని కాలిక్యులేటర్ లేకుండానే అవుతుంది.

ఇప్పుడు చూడు. 640 జి-లైన్ మీద 371 దగ్గర ఒక పక్కకు 150 ఆఫ్‌సెట్ (గీత నుంచి మూలకు లంబంగా ఉన్న దూరం), 240 దగ్గర రెండో పక్కకు 175. రెండు త్రిభుజాలు. మొదటిది 640ని 150తో హెచ్చించి సగం చేస్తే 48,000, అంటే 48 సెంట్లు. రెండోది 56,000, అంటే 56 సెంట్లు. మొత్తం ఎకరా నాలుగు. ఆర్.ఎస్.ఆర్. అంకె సరిపోయింది కాబట్టి కాగితాల మధ్య తగాదా లేదు.

పాత గొలుసు సాగి తక్కువ చూపించిందేమో అని నీకు అనుమానం రావచ్చు. సాగిన గొలుసు నిజంగానే తక్కువ చూపిస్తుంది. కానీ ఎకరా తొమ్మిది ఎకరా నాలుగుగా కనబడాలంటే వంద లింకులకు రెండు లింకుల పైన సాగి ఉండాలి. అది అడుగున్నర తేడా. ఏ సర్వేయరూ అలాంటి గొలుసు చేతబట్టడు. మరి ఐదు సెంట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? బండి రస్తా వైపు హద్దు నాలుగు వందల లింకులు ఉంది. ఐదు వేల చదరపు లింకులను నాలుగు వందలతో భాగిస్తే పన్నెండున్నర లింకులు, అంటే ఎనిమిది అడుగుల పైన. గట్టు ఎనిమిది అడుగులు రస్తాలోకి జరిగిందని నా అనుమానం. తండ్రి కాలంలో ఒక సాలు, కొడుకుల కాలంలో ఇంకో సాలు. ఎవరూ దొంగతనం అనుకోరు, దుక్కి దున్నినప్పుడల్లా కొంచెం కలుపుకుంటారు.

ఇది ఇంకా అనుమానమే. తేల్చాలంటే సర్వే నాటి హద్దు రాళ్లు కావాలి. గట్టు నుంచి కొలవడం మొదలుపెట్టకు. కనీసం మూడు రాళ్లు దొరికే దాకా గొలుసు పరిచి కొలవవద్దని మా కాలంలో చెప్పేవాళ్లు. ఇప్పుడు నీ చేతిలో శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే రోవర్ ఉంది, అయినా అదే మాట. జి-లైన్ రెండు కొసల రాళ్ల మధ్య 128 మీటర్ల 75 సెంటీమీటర్లు రావాలి. వస్తే ఆ రెండూ కదలలేదు. మూడో రాయి దొరక్కపోతే పక్క సర్వే నంబర్ల ఎఫ్.ఎం.బి.లు తీసి వాటి రాళ్ల నుంచి రా. రస్తాకు కూడా సొంత నంబరు, సొంత కొలతలు ఉంటాయి, అవి చూడకుండా పని ముగించకు. కొన్నిసార్లు రాయి గట్టు కింద, ఒండ్రు కింద రెండు మూడు అడుగుల లోతులో ఉంటుంది. గడ్డపార ఉన్న మనిషిని వెంట తీసుకెళ్లు.

ఒంటరి రాయిని నమ్మడం వల్ల నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తల నెరిసిన పెద్దాయన ఒకడు ఇదే హద్దు రాయి, మా తాత చూపించాడు అని బిడ్డల మీద ఒట్టు వేశాడు. నేను ఆ ఒక్క రాయి పట్టుకుని గీత వేశాను. నా గీత వల్ల పక్క రైతు కాపుకొచ్చిన రెండు చీనీ చెట్లు కొట్టేసుకున్నాడు. మూడు నెలలకు దున్నుతుంటే అసలు రాయి నాగలికి తగిలింది. మళ్లీ కొలిచి గీత సరిచేశాను, ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చెట్ల మొదళ్లు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

పెద్దవాళ్ల మాట విను, రాసుకో, ఆ మాట ప్రకారం ఎక్కడ తవ్వాలో చూడు. గీత మాత్రం కొలతతోనే వేయి.

రస్తా సంగతి రుజువైతే అన్నదమ్ములకు నువ్వే మెల్లగా చెప్పు. పంచుకోవడానికి ఉన్నది ఎకరా నాలుగే, చెరి 52 సెంట్లు. జి-లైన్ మీదే కోసేద్దామని వాళ్లు అడగవచ్చు, చూడ్డానికి సులువుగా ఉంటుంది. కానీ 48, 56 అవుతుంది, ఎనిమిది సెంట్ల దగ్గర ఆ ఇల్లు విడిపోతుంది. పైగా ఇద్దరికీ రస్తా ముఖం ఉండేలా గీత వేయకపోతే లోపలివాడికి రేపు బండి తోలుకునే దారి ఉండదు. సబ్ డివిజన్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించింది దారి గురించే. నీటి కాలువ ఎటు పారుతుందో కూడా చూడు.

నంబరు వేసేటప్పుడు వరుస తప్పకు. పాతది 2 అయితే 2ఏ, 2బి. 2బిని రేపు ఎవరైనా చీలిస్తే 2బి1, 2బి2. నంబరు చదివితే భూమి ఏ చెట్టు నుంచి కొమ్మలు వేసిందో తెలియాలి. తెలంగాణ వైపు వెళితే పద్ధతి వేరు, అక్కడ టిప్పన్ (కొలతల కాగితం), సేత్వార్ (భూముల రిజిస్టరు), గుంటల లెక్క. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఎకరా. ఎకరా ఎక్కడైనా ఒకటే.

ఇంకొకటి. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారా అని అడిగావా? హక్కు ఎవరిదో తేల్చే పని సర్వేయరుది కాదు. కానీ భాగ పరిష్కార పత్రంలో అక్కచెల్లెళ్ల సంతకాలు లేకపోతే ఆ సంగతి తహసీల్దారు గారి దృష్టికి రాతపూర్వకంగా తీసుకెళ్లు. చూసీ చూడనట్టు నంబర్లు వేసి రాకు.

చుట్టుపక్కల రైతులందరికీ నోటీసు ఇచ్చి సంతకం తీసుకో, రానివాళ్ల ఇంటికి నువ్వే వెళ్లు. 1923 సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే పూర్తయిందని నోటిఫికేషన్ వచ్చాక హద్దు తప్పంటే సివిల్ కోర్టుకు వెళ్లడానికి రైతుకు మూడేళ్లే గడువు. నోటీసు అందని మనిషికి ఆ మూడేళ్లు తెలియకుండానే అయిపోతాయి.

ఆదివారం ఇంటికి రా. నా క్రాస్ స్టాఫ్, అదే గీతకు లంబం చూసే పాత పనిముట్టు, అటక మీద ఉంది, నీకు ఇస్తాను. రోవర్‌కు సిగ్నల్ లేని వంకల్లో పనికొస్తుంది. ఈ ఎండల్లో ఉదయం ఆరింటికే పొలంలో ఉండు, పదింటికల్లా నీడకు వచ్చేయి. తలకు తువాలు చుట్టుకో, మజ్జిగ సీసా మరిచిపోకు.

మీ పెదనాన్న