మల్టీఫోకల్ లెన్స్ ఉన్న కంటికి మైనస్ రీడింగ్ వస్తుంటే

మల్టీఫోకల్ అంటే దూరం, దగ్గర రెండూ కనిపించేలా కంటి లోపల అమర్చే లెన్స్. అది ఉన్న కంటికి ఆటోరిఫ్రాక్టర్ (కంటి పవర్ కొలిచే మెషీన్) మైనస్ 1.00 అంటోంది, పేషెంటేమో అద్దం లేకుండానే 6/6 (దూరం చార్టులో మామూలు చూపుకి సరిపడే వరుస) చదువుతున్నారు అంటే, చాలావరకు తికమకపడుతున్నది మెషీనే. లెన్స్‌లో దగ్గరి చూపుకిచ్చిన పవర్‌నీ కలిపి కొలుస్తుంది. ఆ అంకె పక్కన పెట్టండి.

1. సున్నా నుంచి మొదలుపెట్టండి. సిలిండర్‌కి (ఒక దిశలో మాత్రమే ఉండే పవర్) కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలత) చూడండి.
2. +1.50 వేసి మసకబార్చి, 0.25 చొప్పున తగ్గించండి.
3. 6/6 మొదటిసారి చదవగానే ఆగండి. చాలామంది జారేది ఇక్కడే! "ఇంకాస్త నల్లగా ఉంది" అన్నారని మైనస్ పెంచేస్తారు. అప్పుడు దగ్గరి ఫోకస్ దూరంగా జరుగుతుంది. 6/6 అలాగే చదువుతారు గానీ, ఆ అద్దంతో పేపరు కష్టమవుతుంది.

రెడ్-గ్రీన్ టెస్ట్‌ని (ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీది అక్షరాల్లో ఏవి స్పష్టంగా ఉన్నాయో అడిగేది) ఇక్కడ నమ్మొద్దు.

అద్దాల పవర్ రాసే ముందు, అదే పవర్‌తో 40 సెం.మీ. దగ్గర చదివించండి.