పవర్ ట్యూబు ఎర్రబడితే...

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ తెచ్చిన గిటార్ ఆంప్ నా దగ్గర ఉంది సార్. వెనక రెండు 6ఎల్6 రకం పవర్ ట్యూబులు (స్పీకర్‌కి శబ్దం పెంచి పంపే గాజు వాల్వులు). అక్కడి కరెంటు 120 వోల్టులు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. ఈమధ్య పావుగంట వాయించేసరికి ఒక ట్యూబు ఎర్రగా కాలుతోంది, హమ్ (గుయ్‌మనే మోత) కూడా పెరిగింది. షాపులో అడిగితే రెండూ తీసేసి ఈఎల్34లని ఇంకో రకం ట్యూబులు వేసుకో, రాక్ సౌండ్ అదిరిపోతుంది అన్నారు. వేసేయమంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. అసలు ముందు ఆ ఆంప్ ఆన్ చేయడం ఆపండి.

ట్యూబు మధ్యలో నారింజ రంగు వెలుగు కనిపిస్తే భయం లేదు, అది హీటరు, వెలగాల్సిందే. గాజు మీద కొద్దిగా నీలం రంగు కనిపించినా పర్వాలేదు. కానీ చుట్టూ ఉండే బూడిదరంగు రేకు, అంటే ప్లేటు, కొలిమిలో ఇనుములా ఎర్రబడిందంటే దాంట్లోంచి కరెంటు అదుపు లేకుండా పోతోందన్నమాట. జంటలో ఒకటి ఎక్కువ లాగి ఇంకోటి తక్కువ లాగితే హమ్ పెరుగుతుంది, కాబట్టి మీ రెండు బాధలకీ కారణం ఒకటే అయ్యుండొచ్చు.

ప్లగ్ పీకి, చల్లారాక, రెండు ట్యూబులనీ అటుదిటు ఇటుదటు మార్చి పెట్టండి. స్పీకర్ కనెక్షన్ సరిగా ఉందో లేదో చూసుకుని మళ్లీ ఆన్ చేసి, దగ్గరే నిలబడండి, ఎరుపు కనిపించగానే ఆపేయాలి. ఎరుపు ట్యూబుతోపాటు కొత్త చోటికి వెళ్తే ట్యూబు పోయినట్టు. పాత సాకెట్లోనే ఉండిపోతే తప్పు ట్యూబుది కాదు, ట్యూబులో కరెంటుని అదుపులో ఉంచే బయాస్ వోల్టేజీ అక్కడికి అందడం లేదు, లేదా ముందున్న కెపాసిటర్ లీకవుతోంది, అందులో ఎంత ఖరీదైన ట్యూబు పెట్టినా అదీ కాలుతుంది. నాకు ఇలాగే జరిగింది. మాది బీచ్ రోడ్డుకి దగ్గర ఇల్లు, ఉప్పుగాలికి గేటు గొళ్లేలే ఆగవు, ఇక సాకెట్ ఎంత! ఐదో పిన్ను పట్టుకునే క్లిప్పు పచ్చగా చిలుం పట్టి వదులైపోయింది. బయాస్ వచ్చేది ఆ పిన్నుకే. కొత్త జత కొనేశాక గానీ నేనది చూడలేదు. మీరు ముందే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిపించి, క్లిప్పులు బిగింపించండి.

ఇక ఈఎల్34 సంగతి. మార్షల్ ఆంపుల్లో ఎక్కువగా కనిపించేది అదే, ఫెండర్ పెద్ద ఆంపుల్లో 6ఎల్6. రెండింటికీ ఎనిమిది పిన్నులే కాబట్టి సాకెట్లో చక్కగా దిగుతుంది, చిక్కల్లా అక్కడే. 6ఎల్6 హీటరుకి 0.9 ఆంపియర్లు చాలు, ఈఎల్34కి 1.5 కావాలి, పైగా ఒకటో పిన్ను వైరింగూ, బయాసూ వేరు. తయారుచేసినవాళ్లు సరేనంటే తప్ప ఆ జోలికి పోకండి.

మళ్లీ 6ఎల్6లే, మ్యాచ్ చేసిన, అంటే రెండూ సమానంగా కరెంటు లాగేలా ఏరిన జత కొనండి. వేశాక బయాస్ చూపించాల్సిందే. 6ఎల్6జీసీ అనే రకం ప్లేటు గరిష్ఠంగా 30 వాట్లు తట్టుకుంటుంది, అందులో 70 శాతం, అంటే 21 వాట్లు దాటకుండా పెడతారు. ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకి దాదాపు 46 మిల్లీఆంపియర్లు. మీరు మాత్రం పెట్టె విప్పకండి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు ఉండిపోతుంది. వాల్వు రేడియోలు బాగుచేసిన పాతతరం మెకానిక్ దొరికితే ఆయనకే ఇవ్వండి.

ఇంకోటి, మీ ఇంటి కరెంటు 230 బదులు 250 వస్తుంటే ఆ స్టెప్‌డౌన్ 120 ఇవ్వదు, 130 ఇస్తుంది, లోపల అన్ని వోల్టేజీలూ ఆమేరకు పెరుగుతాయి. బయాస్ పెట్టించే రోజు అదీ మీటర్‌తో చూపించండి.

ప్రశ్న: పవర్ ట్యూబులు ఎన్నాళ్లకోసారి మార్చాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: క్యాలెండర్ చూసి మార్చక్కర్లేదండీ. శబ్దం తగ్గి, లావు తీగల మోత బిగువు తప్పి బొయ్‌మంటుంటే అప్పుడు అనుమానించండి. గాజు లోపల వెండిపూత తెల్లగా మారిపోతే మాత్రం గాలి దూరినట్టే, అది ఇక పారేయాల్సిందే. ప్రోగ్రాం అవగానే వేడి మీదే ఆంప్‌ని ఆటో ఎక్కించకండి, కేబుళ్లు చుట్టుకుని, ఓ టీ తాగి వచ్చేలోపు చల్లారుతుంది.