నాబ్ చివరిదాకా తిప్పితే చిప్ కాలిపోతోంది!

ప్రశ్న: 12 ఎర్ర, 18 నీలం ఎల్ఈడీలతో సీరియల్ లైట్లు సొంతంగా తయారు చేశాను. 12 వోల్టుల అడాప్టర్, లైట్లను ఆర్పి వెలిగించే 555 టైమర్ చిప్ వాడాను. వేగం మార్చుకోవడానికి ఏడో పిన్‌కూ ప్లస్‌కూ మధ్య ఒక పాట్ (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టాను. ఎల్ఈడీలను రంగులు కలిపి ప్యారలల్‌గా జోడించి, గుంపుకొక రెసిస్టర్ ఇచ్చాను. ఎరుపు వెలుగుతోంది, నీలం అసలు వెలగడం లేదు. నాబ్‌ను ఒక చివరికి తిప్పగానే 555 కాలిపోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. వెలుగు మెల్లగా పెరిగి తగ్గాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: రెండు చిప్‌లు పోయినా మీరు వదిలిపెట్టలేదు. అందుకే ఈసారి చోటంతా మీ ఉత్తరానికే ఇస్తున్నాను.

మీ నీలం ఎల్ఈడీలు చెడిపోలేదు. ఎరుపు వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి 3 దాటాలి. రెండిటినీ ప్యారలల్‌గా కలిపితే వోల్టేజీ 2 దగ్గరే నిలిచిపోయి, కరెంటంతా ఎరుపులోంచే పోతుంది. కాబట్టి రంగులు విడదీసి వరసలు కట్టండి. నీలం మూడేసి సిరీస్‌లో కలిపితే 9.6 వోల్టులు అవుతుంది. మిగిలిన 2.4 వోల్టులకు 150 ఓముల రెసిస్టర్ పెడితే 16 మిల్లీ యాంపులు పారుతుంది. ఎరుపు నాలుగేసి కలిపి 270 ఓములు పెట్టండి. వరసకు సుమారు 15 మిల్లీ యాంపులు వస్తుంది. ఎరుపు ఐదు కూడా పడతాయి కదా అనిపించవచ్చు. పడతాయి కానీ రెసిస్టర్‌కు మిగిలేది 2 వోల్టులే. అడాప్టర్ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా వెలుగులో తేడా తెలిసిపోతుంది.

మొత్తం తొమ్మిది వరసలకు దాదాపు 141 మిల్లీ యాంపులు కావాలి. ఇంత భారం 555 మీద వేయకండి. మూడో పిన్ నుంచి 1 కిలో ఓమ్ ద్వారా 2ఎన్2222 ట్రాన్సిస్టర్ బేస్‌కు ఇచ్చి, వరసల మైనస్ కొనలన్నీ దాని కలెక్టర్‌కు కలపండి. ఎమిటర్ గ్రౌండ్‌కు. బీసీ547 వద్దు, దాని హద్దు 100 మిల్లీ యాంపులే.

ఇక కాలిపోయిన చిప్‌ల సంగతి. కెపాసిటర్ ఖాళీ అయ్యే ప్రతిసారీ 555 లోపల ఏడో పిన్ గ్రౌండ్‌కు కలుస్తుంది. మీ నాబ్ చివరికి వెళ్తే పాట్ విలువ సున్నా. అంటే 12 వోల్టులు అడ్డు లేకుండా ఆ పిన్‌లోకే వెళ్తున్నాయి. కాలేజీ రోజుల్లో నేనూ ఇలాగే ఒక చిప్ పోగొట్టుకున్నాను. పాట్ ఉన్న ప్రతిచోటా దాని పక్కన ఒక స్థిర రెసిస్టర్ ఉండాలని అప్పుడే నేర్చుకున్నాను. ప్లస్‌కూ ఏడో పిన్‌కూ మధ్య 1 కిలో ఓమ్ స్థిరంగా ఉంచండి. పాట్‌ను ఏడుకూ ఆరుకూ మధ్యకు మార్చండి. 220 కిలో ఓముల పాట్, దానితో సిరీస్‌లో 27 కిలో ఓముల రెసిస్టర్. రెండు, ఆరు పిన్‌లు కలిపి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్.

ఆ 27 కిలో ఓములు ఊరికే చెప్పలేదు. మొదటి రెసిస్టర్ (1 కిలో ఓమ్) విలువకు రెండోదాని (పాట్, 27 కిలో ఓములు కలిపి) విలువకు రెట్టింపు కలిపి, కెపాసిటర్ విలువతో గుణించి, 1.44ను దానితో భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు వెలుగుతుందో వస్తుంది. ఈ విలువలతో నాబ్ ఒక చివర 2.6 సార్లు, రెండో చివర మూడున్నర సెకన్లకు ఒకసారి. మా చెల్లెలికి మైగ్రేన్ ఉంది. నేను చేసిన మొదటి లైట్లు సెకనుకు పది సార్లు మిణికేవి. ఆ గదిలో తను గోడవైపు తిరిగి కూర్చునేది. ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఫోటోసెన్సిటివ్ మూర్ఛ ఉన్నవాళ్లకైతే వేగంగా మిణికే వెలుగు ఫిట్స్ తెప్పించగలదు. సెకనుకు మూడుసార్లు దాటకూడదన్నది ఎక్కువగా పాటించే హద్దు. ఆ హద్దును వాడేవాళ్ల జాగ్రత్తకు వదలకుండా సర్క్యూట్‌లోనే కట్టేయాలి. నాబ్ ఎవరు ఎంత తిప్పినా దాటకూడదు. ఇలాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ 20 శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వేగంవైపు చివర పది సెకన్లలో ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెట్టండి. 30 దాటితే 27 బదులు 33 కిలో ఓములు వేయండి.

వెలుగు మెల్లగా పెరిగి తగ్గాలంటే 555 తీసేసి ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) పెట్టడమే సులువు. ట్రాన్సిస్టర్, వరసలు అవే ఉంటాయి, బేస్ రెసిస్టర్ మాత్రం 470 ఓములు. తొమ్మిదో పిన్ మీద అనలాగ్‌రైట్ అనే కమాండ్ సెకనుకు 490 సార్లు ఆర్పి వెలిగిస్తుంది. మనకు మిణుకు కనిపించదు, వెలుగు తగ్గినట్టే అనిపిస్తుంది. ఆ కమాండ్‌కు ఇచ్చే వెలుగు విలువను 0 నుంచి 255 దాకా సమానంగా పెంచితే మాత్రం మొదట్లోనే భగ్గుమని, తర్వాత మార్పే లేనట్టు ఉంటుంది. తక్కువ వెలుగులో చిన్న తేడా కూడా కంటికి పెద్దగా తెలుస్తుంది మరి. అందుకే విలువను దానితోనే గుణించి 255తో భాగించి పంపండి. 128 అయితే 64 వెళ్తుంది. 30 దగ్గర మొదలుపెట్టి 255 దాకా పెంచి మళ్లీ 30కి దించండి. అప్పుడు అట్టడుగున కూడా పూర్తిగా ఆరిపోకుండా సన్నటి మెరుపు నిలుస్తుంది. నాకు అదే అన్నిటికంటే అందంగా ఉంటుంది. మెట్టుకు 8 మిల్లీసెకన్లు ఇస్తే పెరిగి తగ్గడానికి మూడున్నర సెకన్ల పైన పడుతుంది. ఒక జాగ్రత్త: 255ను 255తో గుణిస్తే 65025. ఊనోలో మామూలు ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) 32767 దాకే పడుతుంది. రుణ సంఖ్యలు లేని అన్‌సైన్డ్ ఇంట్ వాడండి, లేకపోతే సగం దాటాక వెలుగు పిచ్చిపిచ్చిగా ఎగురుతుంది.