టెక్ సందేహాలు: కొత్త రౌటర్ కొన్నా పై గదికి వైఫై అందట్లేదు

ప్రశ్న: మాది డూప్లెక్స్ ఇల్లు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన బాక్సు కింద హాల్లో టీవీ వెనక ఉంది. మా అమ్మాయి పై గదిలో ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. అక్కడ సిగ్నల్ ఒక్క గీతే చూపిస్తోంది. కొత్త రౌటర్ కొని పాత బాక్సు పక్కనే పెట్టించాను. ఏమీ తేడా లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ కొత్త రౌటర్లో లోపం ఉండకపోవచ్చండీ. పెట్టిన చోటే సరిగ్గా లేదు. పాత బాక్సు పక్కనే పెడితే దాని సిగ్నల్ కూడా అదే స్లాబును దాటుకుని పైకి వెళ్లాలి. కాంక్రీటు, అందులోని ఇనుప చువ్వలు వైఫైని బాగా తగ్గించేస్తాయి. దానికి తోడు ముందు టీవీ అడ్డం.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. పాత బాక్సును టీవీ వెనక నుంచి తీసి, మెట్ల దగ్గర గోడకు ఛాతీ ఎత్తున పెట్టించండి. మెట్ల దగ్గర స్లాబు ఉండదు కాబట్టి అటునుంచి సిగ్నల్ పైకి వెళ్తుంది. అయితే బాక్సులోకి వచ్చే సన్నటి ఫైబర్ తీగ లోపల ఉండేది గాజు. మూల దగ్గర గట్టిగా మడిస్తే లోపల విరుగుతుంది. బాక్సు మీద ‘ఎల్‌ఓఎస్’ అని ఉన్నచోట ఎర్ర లైటు వెలిగిందంటే ఫైబర్ నుంచి సిగ్నల్ అందట్లేదని అర్థం. తీగ పొడవు చాలకపోతే మీరు లాగకండి, కనెక్షన్ ఇచ్చినవాళ్లనే పిలవండి.

కొత్త రౌటర్ మాత్రం పై గదికే వెళ్లాలి. కింద బాక్సు లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను తీగతో కలిపే చోటు) నుంచి పైదాకా క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ వేయించండి. ఒకసారి ఖర్చు పెడితే ఏళ్ల తరబడి టెన్షన్ ఉండదు. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే, వైర్లు లేని ఎక్స్‌టెండర్ల కంటే నేను దీన్నే గట్టిగా సిఫార్సు చేస్తాను. చాలా ఎక్స్‌టెండర్లు అందుకున్న డేటాను అదే ఛానెల్‌లో మళ్లీ పంపాలి కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక అసలు సెట్టింగ్. కేబుల్ కలపకముందే కొత్త రౌటర్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, దాని అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ను బ్రౌజర్లో టైప్ చేయండి. లోపల ‘ఆపరేషన్ మోడ్’లో ‘యాక్సెస్ పాయింట్’ (వైఫై మాత్రమే ఇచ్చే మోడ్) ఎంచుకుని సేవ్ చేయండి. ఇది చేయకపోతే రెండు బాక్సులూ ఎవరికి వారే ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) పంచుతాయి. ఇంటర్నెట్ వస్తుంది, కానీ కింద ఉన్న ప్రింటర్ పైన ఉన్న లాప్‌టాప్‌కు కనిపించదు.

మీ మోడల్‌లో ఆ మోడ్ లేకపోయినా దారి ఉంది. కింద బాక్సు అడ్రస్ 192.168.1.1 అనుకుంటే, కొత్తదానికి 192.168.1.2 ఇవ్వండి. ఆ నంబరును కింద బాక్సు వేరే పరికరానికి ఇవ్వకుండా చూసుకోండి. తర్వాత కొత్తదాంట్లో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ తీగ పెట్టే చోటు) కాకుండా లాన్ పోర్టులో పెట్టండి.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింటికీ ఒకటే పెట్టండి. మెట్లెక్కుతుంటే ఫోన్ చాలావరకు తనే మారుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండులో కింద ఛానెల్ 1, పైన 11 ఇస్తే ఒకదానికొకటి అడ్డం రావు.

ప్రశ్న: కొత్తగా కొన్న స్మార్ట్ ప్లగ్ మా వైఫైకి కలవడం లేదు. ఫోన్లేమో బాగానే పనిచేస్తున్నాయి.
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇలాంటి ప్లగ్‌లు, బల్బులు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. మీ రౌటర్ 2.4, 5 రెండింటినీ ఒకే పేరుతో ఇస్తుంటే, 5ను కాసేపు ఆపి ప్లగ్‌ను కలిపి, మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కలవకపోతే సెక్యూరిటీ చూడండి. ‘డబ్ల్యూపీఏ3’ అనే కొత్త రకం సెక్యూరిటీ మాత్రమే ఉంటే పాత తరహా పరికరాలు కలవవు. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ కలిపి ఉన్న ఆప్షన్‌కు మార్చండి. సెక్యూరిటీ తీసేసి ఓపెన్‌గా మాత్రం వదలకండి. ఆ సెట్టింగ్స్‌లో ఉండగానే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. అది వైఫై పాస్‌వర్డ్ కాదు, సెట్టింగ్స్ తెరవడానికి వాడేది. చాలా ఇళ్లలో అది ఇంకా స్టిక్కర్ మీద ఉన్నదే.